గొడ్డలి చవకే, కన్ను ధర ఎంత?

మా కూలి సంఘంలో రెండు నెలలుగా ఒక తగాదా నడుస్తున్నది. "ఇంటి గుట్టు పత్రికకెందుకు ఎక్కిస్తవు సారూ" అని కొందరు అడ్డుపడ్డారు. ఇది మా ఒక్క పల్లె గుట్టయితే రాసేవాణ్ణి కాదు. ఖమ్మం దాటి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం పోయే దారికి అటూ ఇటూ, అడవి అంచున ఉన్న ప్రతి మాదిగపల్లెలో, మాలపల్లెలో ఈ తగాదా ఏదో ఒక రూపంలో ఉన్నది. అందుకే రాస్తున్నాను.

తగాదా ఏమంటే, ఈ యేడు సంఘం డబ్బుతో గొడ్డళ్లు, కొడవళ్లు, పారలు మళ్లీ కొనాలా? కొంటే టౌనులో, సంతల్లో దొరికే చవక విదేశీ సరుకు కొనాలా, వద్దా?

"ఇదీ ఒక ఉద్యమ సమస్యేనా" అని పట్నం మేధావులు నవ్వొచ్చు. నవ్వనియ్యండి. వాళ్ల పనిముట్టు కలం. అది రాయకపోతే జేబులో ఇంకోటి ఉంటది. మన పనిముట్టు విరిగితే ఆ పూట పొయ్యి మీదికి ఎసరు ఎక్కదు.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. పోయిన యేడు సంక్రాంతికి ముందు సంఘం పొదుపు డబ్బుతో 40 గొడ్డళ్లు తెచ్చాం. బేరం చేసిందీ, సరుకు ఎంచిందీ నేనే. పల్లెలో మొదట డిగ్రీ చదివినోణ్ణి, పైగా సారును. సారుకు తెల్వదా అని నన్ను పంపారు. నిజానికి నేను గొడ్డలి పట్టి ఇరవయ్యేళ్లు దాటింది. సుద్దముక్కకు అలవాటుపడ్డ చేతికి ఇనుము సంగతి ఏం తెలుస్తది? మా నాయన బతికుంటే వేలితో తట్టి చూసి అక్కడే పెట్టి వచ్చేవాడు. పసుపు రంగు ఫైబరు కామ, నల్ల రబ్బరు పిడి, తలకు ఎర్రరంగు, పదునుకు ప్లాస్టిక్ తొడుగు. కమ్మరి గొడ్డలి ధరలో సగం గూడ లేదు. అడుగున చిన్న చీటీ మీద మేడిన్ పీ.ఆర్.సీ. అని ఉన్నది. టీచరును గదా, పీ.ఆర్.సీ. అంటే నాకు జీతాల సవరణే గుర్తొచ్చింది. పీపుల్స్ రిపబ్లిక్ ఆఫ్ చైనా అని తర్వాత తెలిసింది.

సారపాక కాగితం మిల్లుకు పోయే జామాయిల్ నరుకుడు మా పల్లెకు ఎండాకాలం దాకా పని. గుత్త పని, టన్నుకింత. నాలుగో రోజు ఒక మొద్దు చీలుస్తుంటే గొడ్డలి ఇరుక్కున్నది. ఎప్పుడూ చేసే పనే చేశారు, వెనక నుంచి సమ్మెటతో ఒకటిచ్చారు. గొడ్డలి వెనక తల పెచ్చు లేచింది. పక్కన కట్టె పట్టుకుని నిలబడ్డ పిలగాని కంట్లో పడ్డది. ఇరవై రెండేళ్లవాడు. నా దగ్గరే అయిదో తరగతి చదివిండు. డిగ్రీ రెండో యేడు ఆపి పనికొచ్చిండు. ఎడమ కన్ను పోయింది.

గుత్తేదారు ఆసుపత్రి దాకా వచ్చిండు. ఆటో కిరాయి ఇచ్చిండు. సాయం సంగతి అడిగితే ఒక్కటే మాటన్నడు: "గొడ్డలి మీది గదా, నాదా?"

అన్నలారా, అక్కలారా, ఈ మాటను పట్టుకోండి. చెట్టు వాడిది, తోట వాడిది, టన్నుల లెక్క రాసే పుస్తకం వాడిది, లారీ వాడిది. గొడ్డలి ఒక్కటి మనది. ఆ ఒక్కటి మనదయిన పాపానికి కన్ను గూడ మన లెక్కలోనే పడ్డది. పనిముట్టు ఎవడు కొంటే దెబ్బ వాడిదట! మన తాతలు జీతానికి ఉన్న కాలంలో నాగలి దొరది, పలుగు దొరది, కర్రు అరిగితే దొరే కొట్టించేవాడు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. జీతగాడు పోయి కూలీ వచ్చిండు, కూలీ పోయి గుత్త ముఠా వచ్చింది. మనం స్వతంత్రులమైనం. మన స్వాతంత్ర్యంతో పాటు పనిముట్టు ఖర్చు గూడ మన నెత్తికెక్కింది. దీన్ని ఎవరూ గుర్తుపట్టలేదు, మనమూ గుర్తుపట్టలేదు. పైగా "నా గొడ్డలి నాది" అని మీసం దువ్వుకున్నాం.

పిలగాని సంగతి తెల్వగానే ఊళ్లో అందరికంటే ముందు ఊగిపోయింది దేశభక్తులు. కండువా వేసుకున్న ఒక పెద్దమనిషి మా పల్లె మొగదల నిలబడి "చైనా సరుకు కొంటే ఇంతే, మీకు దేశమంటే లెక్కలేదు" అని ఉపన్యాసం ఇచ్చిండు. కన్ను పోయింది మా పిలగానిది, కోపం చైనా మీద! 2020 జూన్‌లో గల్వాన్ లోయలో మన జవాన్లు చచ్చిపోయినప్పుడు గూడ చైనా వస్తువులు కొనొద్దని ఊరూరా చెప్పారు. ఆ తర్వాత ఏమైంది? 2023-24లో చైనా నుంచి వచ్చిన దిగుమతులు పదివేల కోట్ల డాలర్లు దాటాయి. అవన్నీ మా పల్లె కొన్న గొడ్డళ్లా? 2000 ఏప్రిల్ 1న కొన్ని వందల వస్తువులకు, 2001 ఏప్రిల్ 1న మిగిలిన వందల వస్తువులకు దిగుమతి ఆంక్షలు ఎత్తేసింది ఎవరు? ఢిల్లీలో కూచున్న ప్రభుత్వం. 2001 డిసెంబరులో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. ఓడలు వచ్చినయి, రేవులు తెరుచుకున్నయి, హోల్‌సేల్ సేట్లు గోదాములు కట్టిండ్రు. ఇంత మంది చేతులు దాటి వచ్చిన సరుకును ఆఖర్న ఎనభై రూపాయలు పెట్టి కొన్న కూలోడు ఒక్కడే దేశద్రోహా?

స్వదేశీ ఇనుము మీద వాళ్లకు అంత ప్రేమ ఉంటే బయ్యారం సంగతి అడగాలె. మన ఉమ్మడి ఖమ్మం జిల్లా గుట్టల్లో ఇనుపరాయి ఉన్నది. ఉక్కు ఫ్యాక్టరీ పెట్టే వీలు చూడమని 2014 రాష్ట్ర విభజన చట్టం పదమూడో షెడ్యూల్లోనే రాశారు. ఆరు నెలల్లో చూడమన్నారు. ఆరు నెలలు ఎన్ని ఆరు నెలలైనయో లెక్కపెట్టుకోండి. ఇనుపరాయి గుట్టల్లోనే ఉన్నది, కొడవలి మాత్రం సముద్రం దాటి వస్తున్నది.

ఇంకో మాట. 1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీదికి లేచిన గొడ్డళ్లు, బరిసెలు ఏ దేశానివి? అచ్చమైన స్వదేశీవి. ఊరి కొలిమిలో ఊరి ఇనుముతో చేసినవి. కాబట్టి ఇనుముకు దేశం చూసి దండం పెట్టే పని మనకు లేదు. ఇనుము గట్టిదా కాదా, ఎవరి చేతిలో ఉన్నది, ఎవరి కోసం దిగుతున్నది, మనకు కావాల్సింది ఇదే.

చైనా వాడికి మంచి గొడ్డలి చెయ్య చేతగాక కాదు. ఏ ధరకు చెయ్యమంటే ఆ ధరకు తగ్గది చేస్తడు. "కూలోళ్ల సంతకు ఇది చాలులే" అని ఆ ధర చెప్పి తెప్పించినోడు మన వ్యాపారే. ఇంకా చెప్పాలంటే సంతలో మనం చైనాది అనుకునేదంతా చైనాది కాదు. మన దేశంలోనూ జలంధర్, లూధియానా, నాగౌర్‌లలో చేతి పనిముట్ల పరిశ్రమ ఉన్నది, విదేశాలకు ఎగుమతి గూడ అవుతుంది. మంచి సరుకూ అక్కడ ఉన్నది, ఊరూ పేరూ లేని నాసిరకమూ ఉన్నది. మా పల్లెలో విరిగిన కొడవళ్లు ఏరి చూస్తే సగానికి పైగా ఏ దేశం ముద్రా లేదు. ఇంటి కట్టడానికి వాడే చువ్వను సాగదీసి, అంచు రాసి, రంగు పూసినట్టున్నయి. అది ఏ దేశంలో చేసినా ఒకటే, రెండో రోజుకు మొండిబారుతది.

రెండో వాదన మన సంఘంలోని పెద్దలది. "ఈ డబ్బా సరుకు మనకెందుకు, పాతకాలం లెక్క కమ్మరి దగ్గరే చేయించుకుందాం" అంటారు. కమ్మరి ఇనుము మంచిదే, కాదనను. లారీ కమాన్ పట్టీ ముక్క తెచ్చి చేస్తే ఆ కొడవలి నాలుగేళ్లు నడుస్తది. ఆయన గొడ్డలికి నోరు ఒక్కటే కాల్చి నీళ్లలో ముంచి పదును ఎక్కిస్తడు, వెనక తలను మెత్తగానే ఉంచుతడు. అందుకే సమ్మెట పడితే ఆ తల అంచు పుట్టగొడుగు తీరుగ పరుచుకుంటది గాని అద్దం తీరుగ ఒక్క దెబ్బకు పగలదు. (పరుచుకున్న అంచును ఆకురాయితో రాసెయ్యాలె, ఊరుకుంటే అది గూడ పెచ్చు లేస్తది. మనవాళ్లు ఇది మర్చిపోతున్నారు.) నేను తెచ్చిన గొడ్డలి విరిగిన చోట ఉప్పు పలుకుల లెక్క గరుకుగా మెరిసింది. పోత ఇనుము అని కమ్మరి ఆచారి ఒక్క చూపుతో చెప్పిండు. ఆ చూపు నాకు లేకనే కదా ఇంత జరిగింది.

కానీ పాతకాలం అన్న మాట వింటే నాకు వేరే సంగతి గుర్తొస్తది. నేను ఏడేళ్లవాణ్ణి. మా నాయన వెనక కొలిమి కాడికి పోయేవాణ్ణి. రైతుల కర్రులు, పారలు ముందు. రైతులు కల్లం కాడ మేర గింజలు కొలుస్తరు గదా! భూమి లేని మాదిగోడు మేర ఏం పెడతడు? మా కొడవలి అందరి వెనక. పొద్దు వాలిందాక పందిరి బయట గొంతుకూర్చోవాలె. రైతుల కర్రు సాగదీసేటప్పుడు సమ్మెట కొట్టను మాత్రం మా నాయన కావాలె. అప్పుడు అంటు లేదు. దప్పికైతే కొలిమి పక్కన తొట్టి నీళ్లు ముట్టుకోవద్దు, ఇనుము ముంచే నీళ్లు గూడ మైలపడతయట. నవ్వొచ్చే సంగతి ఏమంటే, ఆ కొలిమి తిత్తి తోలు ఊనింది మా తాత, కుట్టింది మా తాత. ఆ తిత్తి ఊదందే నిప్పు లేదు, ఇనుము లేదు. తిత్తి లోపల, తిత్తి కుట్టినోడు బయట.

అందుకని మొదటిసారి సంతలో డబ్బులిచ్చి, ఎవరినీ బతిమాలకుండా, ఎవరి పందిరి ముందూ కూర్చోకుండా కొడవలి కొన్న రోజు మా అమ్మ దాన్ని పసిపిల్లను చూసినట్టు చూసుకున్నది. ఈ సంగతి తెల్వనోళ్లు చవక సరుకును తిడితే నాకు కోపమొస్తది. సంత మన కులం అడగలేదు, డబ్బు అడిగింది. అది చిన్న సంగతి కాదు.

ఇంకొకటి. రబ్బరు చెప్పులు వచ్చి మన ఆరె, రంపె మూలకు పడ్డప్పుడు, కరెంటు మోటార్లు వచ్చి తోలు మోట బొక్కెన పోయినప్పుడు, నైలాన్ తాళ్లొచ్చి వారు పోయినప్పుడు, "అయ్యో మాదిగల చేతివృత్తి పోతున్నది" అని ఎవరైనా ఉపన్యాసం ఇచ్చారా? అప్పుడు అభివృద్ధి అన్నారు. ఇప్పుడు మాత్రం గ్రామీణ వృత్తుల మీద కన్నీళ్లు కారుస్తున్నారు. మన వృత్తి పోతే ప్రగతి, పై వృత్తి పోతే సంస్కృతి నాశనం!

మూడో వాదన కుర్రోళ్లది. "సారూ, పాడైతే పారేద్దాం, ఇంకోటి కొందాం, చవకే గదా" అంటారు. దీనికి నేను బడి నల్లబల్ల మీద లెక్క వేసి చూపించిన. ఇక్కడా వేస్తున్న. అంకెలు లెక్క కోసమే, మీ ఊరి ధరలు మీరు వేసుకోండి. కమ్మరి కొడవలి 250 రూపాయలు, సంత కొడవలి 80 అనుకుందాం. తేడా 170. సంత కొడవలికి పదును ఆగదు, రోజులో అరగంట ఆకురాయి పట్టి గీకాలె. ఎనిమిది గంటలకు 480 కూలి అనుకుంటే అరగంట విలువ 30 రూపాయలు. ఆరు రోజులకు 180. అంటే వారం తిరగకముందే చవక కొడవలి ఖరీదైన కొడవలి కంటే పది రూపాయలు ఎక్కువ మింగింది. ఏడో రోజు నుంచి అది రోజూ మన ముప్పై తింటనే ఉంటది.

"అరగంట గీకితే ఆసామికి గదా నష్టం, మనకేంది" అని ఒక తమ్ముడు అడిగిండు. మంచి ప్రశ్న. రోజు కూలి అయితే నిజమే, మొండి కొడవలి నష్టం ఆసామిది. అందుకే రోజు కూలికి పోయిన కాలంలో ఆసామే గట్టు మీద నిలబడి "కొడవలి నూరుకొచ్చుకోరా" అని మొత్తుకునేవాడు. ఇప్పుడు మొక్కజొన్న కోత గుత్త, పత్తికట్టె పీకుడు గుత్త, జామాయిల్ టన్ను లెక్క. గుత్తలో ఆలస్యం మనది, అలసట మనది, విరిగితే కొత్తది కొనేది మనమే. వాడికి పనిముట్టు మొండిదైనా ఒకటే, పదునుదైనా ఒకటే. అందుకే ఇప్పుడు ఏ గుత్తేదారూ మన గొడ్డలి వంక చూడడు.

అట్లని చవక వస్తువులన్నీ చెడ్డవని నేననను. మట్టి మోసే ప్లాస్టిక్ తట్ట, కొలిచే టేపు, రాత్రిపూట తలకు కట్టుకునే బ్యాటరీ లైటు, ఏ దేశానివైనా చవకవి కొనండి, పోతే పోయినయి. హాక్సా ఫ్రేము చవకది కొని బ్లేడు మంచిది వేసుకోవచ్చు. కొట్టేది, నరికేది, బరువు మోసేది, కరెంటుకూ ఒంటికీ మధ్య ఉండేది మాత్రం ధర చూసి కొనకూడదు.

కరెంటు అన్నాను గనుక చెప్పాలె. ఐటీఐ చదివిన మన పిల్లలు ఎందరో లైన్ల మీద, మోటార్ల మీద ప్రైవేటు సహాయకులుగా పోతున్నారు. సంతలో ఎర్ర ప్లాస్టిక్ తొడుగు ఉన్న కటింగ్ ప్లేయరు చూసి కరెంటు కొట్టదనుకుంటారు. ఆ తొడుగు చేతికి మెత్తగా ఉండటానికి మాత్రమే! కరెంటుకు పరీక్ష చేసిన పనిముట్టు మీద రెండు త్రికోణాల గుర్తు, 1000 వోల్టులు అన్న అంకె ఉంటయి. ఆ గుర్తు గూడ దొంగది వేసేవాళ్లున్నారు, కాబట్టి బిల్లు ఇచ్చే కొట్లో కొనాలె. మంచి ప్లేయరు ఉన్నా సరే, లైను బందు కాకుండా స్తంభం ఎక్కొద్దు. ఎక్కమన్న వాణ్ణి ముందు ఎక్కమనండి.

మొన్నటి మీటింగులో ఒక అక్క లేచింది. "గొడ్డలి గొడ్డలి అని మగోళ్లే రెండు గంటల సంది కొట్లాడుతున్నరు. యేడాదిలో తొమ్మిది నెలలు కలుపు తీసే మా చేతుల సంగతి ఎవరన్న అడిగిండ్రా?" అన్నది. మాకు నోట మాట రాలేదు. ఆమె కొంగులో నుంచి రెండు ఖుర్పీలు తీసి బల్ల మీద పెట్టింది. సంతదాని తోక పిడిలోకి వేలెడు గూడ దిగలేదు. గట్టి నేలలో నాలుగు పోట్లకు పిడి ఊడి ఇనుము అరచేతిలో దిగింది, మచ్చ చూపించింది. రెండోది కమ్మరి చేసింది. తోక పిడి చివరదాకా పోయి వంచి ఉన్నది. పిడి ఆమె చేతికి తగ్గట్టు సన్నగా ఉన్నది. కంపెనీ పిడులన్నీ మగోని చేతికి చేస్తారని, పొద్దుందాక పట్టుకుంటే వేళ్లు ముడుచుకపోతయని చెప్పింది. నలభై గొడ్డళ్లు ఎంచిన సారుకు ఈ సంగతి ఎప్పుడూ తట్టలేదు.

ఆ మీటింగులోనే పెద్దలు, ఆడోళ్లు కలిసి పనిముట్టు చూసే తీరు చెప్పారు. దారం కట్టి వేలాడదీసి రాయితో తట్టితే మంచి ఇనుము ఖంగుమంటది, పగులున్నది బొంగురుపోతది. ఆకురాయితో నోటి దగ్గర రాస్తే జారాలె, వెనక రాస్తే పట్టాలె. రెండు చోట్లా జారితే అది మొత్తం పెళుసు, రెండు చోట్లా పట్టితే మొత్తం మెత్తన. దట్టంగా రంగు పూసింది నమ్మొద్దు, రంగు కింద అతుకులు దాగుతయి. పేరున్న కంపెనీ పారలు, గడ్డపారలు మన్నుతయి, కానీ వాటికీ నకిలీలున్నయి. బిల్లు అడగండి. ప్యాకెట్లో వచ్చిన విదేశీ సరుకు మీద దిగుమతి చేసినవాడి పేరు, చిరునామా ఉండాలని తూనికలు కొలతల శాఖ 2011 నిబంధనలు చెబుతున్నయి. చేతితో వాడే వ్యవసాయ పనిముట్లకు జీఎస్టీ లేదు, పన్ను పేరు చెప్పి ఎక్కువ అడిగితే ఇవ్వొద్దు.

కామ సంగతి గూడ ఒక మాట. ఫైబరు కామ విరిగితే గొడ్డలే పారెయ్యాలె. తిరుమాను కట్టె కామ విరిగితే పూటలో ఇంకోటి చెక్కుకోవచ్చు. కానీ అడవిలో ఒక కామ కట్టె కొట్టుకొస్తే కేసు పెడతామంటారు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది గదా అంటే, గిరిజనేతరుడైన దళితుడు 75 ఏళ్లుగా అక్కడే ఉన్నట్టు రుజువు చూపాలట. మా తాతకు ఏ కాయితం ఇచ్చారని మేం చూపాలె?

ఇక సర్కారు. 1990ల చివర ఆదరణ అని చేతివృత్తులవాళ్లకు పనిముట్లు పంచారు. 2023 సెప్టెంబరు 17న పీఎం విశ్వకర్మ అని మొదలుపెట్టి 18 వృత్తులకు పనిముట్ల కోసం 15,000 రూపాయల దాకా ఇస్తామన్నారు. అందులో కమ్మరి ఉన్నడు, వడ్రంగి, కుమ్మరి, మంగలి, చాకలి ఉన్నరు. చెప్పులు కుట్టేవాడు గూడ ఉన్నడు. వాళ్లకు ఇవ్వొద్దని నేననను. కానీ చూడండి, మాదిగోడు తాత పట్టిన ఆరె మళ్లీ పడితే సర్కారు డబ్బిస్తది. గొడ్డలి పడితే, పార పడితే, ఖుర్పీ పడితే ఇవ్వదు. కులం చెప్పిన పనికి సాయం ఉన్నది, కడుపు కోసం చేసే పనికి లేదు. దేశంలో అందరికంటే ఎక్కువ పనిముట్లు అరగదీసే వ్యవసాయ కూలీ ఆ 18లో ఎక్కడా లేడు. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైనప్పుడు గూడ గడ్డపార, పార మనమే భుజానేసుకుని పోయాం. గడ్డపార పదునుకని కూలితో పాటు కొంత రాసిన కాలం ఒకటుండేది, తర్వాత అదీ పోయింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం చేసి 100 రోజులను 125 చేసింది. ఆ 125 రోజులు ఎవరి గడ్డపారతో తవ్వాలె?

అందుకని కొనాలా వద్దా అన్నదానికి నా జవాబు ఇది. ఈ చవక గొడ్డలి కొనొద్దు. మంచిది కొందాం, కానీ దాని ఖర్చు కూలిలో కలిపి రాబడదాం. గుత్త మాట్లాడేటప్పుడు టన్నుకు నరుకుడు ఇంత, పనిముట్టుకు ఇంత అని విడిగా చెప్పాలె, విడిగా కాయితం మీద రాయించాలె. గొడ్డలి ఎవరిదైనా దెబ్బ తగిలితే బాధ్యత పని పెట్టినవాడిదే అని అదే కాయితం మీద ఉండాలె. అది లేకుండా బంగారు గొడ్డలి కొన్నా లాభం లేదు.

గుత్తేదారు అప్పుడే బెదిరిస్తున్నడు, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినోళ్లను పెట్టుకుంటానని. పెట్టుకుంటడు, వాళ్లకు ఇదే నాసి గొడ్డలి చేతికిస్తడు. అందుకే ఇద్దరు మనుషులం పక్క కోయగూడేనికి పోయి వచ్చాం, వలస కూలీల గుడిసెల కాడికి ఈ వారం పోవాలె. మన మాట వాళ్లకు అర్థమయ్యేటట్టు చెప్పడానికి గూడెం నుంచి ఒకాయన వస్తానన్నడు. కులం పనిని మాత్రమే కాదు, పనిచేసేవాళ్లను గూడ వాటాలు వేసిందని అంబేడ్కర్ 1936లోనే చెప్పిండు. గుత్తేదారుకు ఆ సంగతి మనకంటే బాగా తెలుసు.

కమ్మరి ఆచారి దగ్గరికి గూడ పోయాం. ఆయన కొలిమి నెలలో నాలుగు రోజులే వెలుగుతున్నది. కొడుకు హైదరాబాదులో గేట్లు, గ్రిల్లులు వెల్డింగ్ చేసి, పని లేక తిరిగొచ్చిండు. కమాన్ పట్టీలు మేం తెస్తాం, గొడ్డళ్లు, కొడవళ్లు, ఖుర్పీలు చెయ్యండి, చేతికి చేతికి నగదు అన్నాం. షరతు ఒకటి పెట్టాం. మేం పందిరి లోపల కూచుంటాం, తొట్టి నీళ్లు ముట్టుకుంటాం, తాగే కుండ ఒకటే. ముసలాయన చాలాసేపు మాట్లాడలేదు. బొగ్గు కెలుకుతూ కూచున్నడు. కొడుకు లోపలికి పోయి బల్ల తెచ్చి వేసి "కూచోండి సార్" అన్నడు. ముసలాయన కాదనలేదు, అవుననలేదు. మా వాళ్లు ఇద్దరు కూచున్నరు. నేనూ కూచున్న. మా నాయన కూచోని చోట కూచున్న.

ఇక మిగిలింది నేను తెచ్చిన గొడ్డళ్లు. విరిగింది పోను 39 మా ఇంట్లో మంచం కింద ఉన్నయి. కొట్టువాడు వాపసు తీసుకోనన్నడు, బిల్లు లేదు గదా, నా తెలివి అది. సంఘం డబ్బు నీళ్లపాలవుతది, అవతలి మండలం సంతలో సగం ధరకు అమ్మేద్దామని కొందరన్నరు. చేతులు గూడ లేచినయి. అప్పుడు ఆ పిలగాడు, నల్లద్దాలు పెట్టుకుని మూలకు కూచున్నోడు, లేచి "ఎవరి పల్లెకు అమ్ముదాం?" అని అడిగిండు. ఇంకేం అనలేదు. లేచిన చేతులు దిగినయి.

పాత ఇనుము బండివాడు కిలో లెక్కన తీసుకుంటానన్నడు. కామలు ఊడదీసి, మళ్లీ ఎవరూ వాడకుండా నోళ్లు విరగ్గొట్టి ఇవ్వమని చెప్పాం. ఆదివారం వస్తడు.